వోల్తెర్రాలో మూడు వేల ఏళ్ళ ఊరు ఎక్కడుంది? మాకు రెండు గంటల్లో కనిపించలేదు

గోదారిగట్టు
గత నెలలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి ఒక రోజు యాత్రలో వోల్తెర్రా అనే కొండ ఊరికి వెళ్ళాను. ఉదయం శాన్ జిమిన్యానో, మధ్యాహ్నం వోల్తెర్రా, రెండింటికీ కలిపి ఒకే టికెట్టు. వోల్తెర్రాకు మిగిలింది రెండు గంటలు. బస్సు ఆపిన చోటి నుంచి కొండ ఎక్కడానికే అరగంట పోయింది. మాకు దారి చూపించినావిడ పెద్ద కూడలిలో నిలబెట్టి, ఇది రోమన్ల కంటే ముందు ఇక్కడ బతికిన ఎట్రుస్కన్ జనం నగరం, మూడు వేల ఏళ్ళనాటిది అని ఒక్క మాట చెప్పి, నేరుగా పాలరాతి బొమ్మల దుకాణానికి తీసుకువెళ్ళింది. అక్కడ ముప్పావు గంట. ఇక తిరుగు ప్రయాణం.

నేను చూసిన కోట గోడ 13వ శతాబ్దానిదట. కూడలిలోని పురపాలక భవనం కట్టడం మొదలైంది 1208లో. అందంగానే ఉన్నాయి, కాదనను. కానీ ఆ మూడు వేల ఏళ్ళు ఎక్కడున్నాయి? ఒక్క రాయి కూడా చూపించలేదు.

నా బాధకు కారణం వేరే ఉంది. మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు చరిత్ర చెప్పి పదవీ విరమణ చేశారు. వచ్చే ఏప్రిల్‌లో ఆయనను ఇటలీ తీసుకువస్తున్నాను. "రోమ్ అందరూ చూస్తారు, రోమ్ కంటే ముందున్న వాళ్ళను చూపించు" అన్నారు. వోల్తెర్రాకు మళ్ళీ ఒక రోజు కేటాయించడం సబబేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పీసా_నుంచి
ఒక రోజు కాదు, రెండు రోజులు పెట్టండి. నేను పీసాలో ఉంటున్నది నాలుగో ఏడు, వోల్తెర్రాకు ఆరు సార్లు వెళ్ళాను. మీరు చూడలేకపోయినవన్నీ ఆ కూడలికి పది నిమిషాల నడకలోనే ఉన్నాయి. అందుకే మీ పోస్టు చదువుతుంటే బాధ కలిగింది.

బాటసారి
ఒకే టికెట్టులో రెండు కొండ ఊళ్ళు అంటే ఒకే పూట రెండు పెళ్ళి భోజనాలు తినడం లాంటిది. రెండింటి రుచీ తెలియదు.

సున్నపురాయి
ముందు గోడల సంగతి చెబుతాను, నాకు అన్నం పెట్టేది కట్టడాలే కాబట్టి. మీరు చూసింది మధ్యయుగపు గోడ. దానికంటే ముందు క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఎట్రుస్కన్లు కట్టిన గోడ ఒకటి ఉంది. దాని చుట్టుకొలత ఏడు కిలోమీటర్ల పైమాటే. మధ్యయుగపు గోడ అందులో దాదాపు మూడో వంతే. అంటే 13వ శతాబ్దపు ఊరు క్రీ.పూ. 4వ శతాబ్దపు ఊరి కంటే చిన్నది. ఎట్రుస్కన్లు తమ పొలాలను, నీటి ఊటలను, పశువుల మేతనేలను కూడా గోడ లోపలే ఉంచుకున్నారు. ముట్టడి పడితే నెలల తరబడి నిలవడానికి.

పాత గోడను చూడాలంటే శాంతా కియారా వైపు, శాన్ జుస్తో దాటాక పొలాల అంచున వెతకాలి. స్థానికంగా దొరికే సున్నపు ఇసుకరాయి దిమ్మెలు, మధ్యలో అడుసు గానీ సున్నం గానీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ఇరవై మూడు వందల ఏళ్ళ తరువాత కూడా వాటి మీద ఆలివ్ చెట్ల నీడ పడుతోంది.

గోదారిగట్టు
@సున్నపురాయి కొత్త గోడ కంటే పాతదే పెద్దదా! ఈ ఒక్క మాట ఆవిడ చెప్పి ఉంటే చాలు, నేను దుకాణం వదిలి పరిగెత్తేవాడిని.

చిన్నక్క
పాలరాయి అన్నారు కదా, అది పాలరాయి కాదండీ. అలబాస్టర్. నేను ఆ ఊళ్ళో చిన్న దీపపు గిన్నె కొన్నాను. పాలరాయి గట్టిది. ఇది జిప్సం జాతి రాయి, గోటితో గీస్తే గీత పడుతుంది. పల్చగా చెక్కితే వెలుతురు అందులోంచి తేనె రంగులో వస్తుంది. కార్ఖానాల ముందు వీధి రాళ్ళ మీద తెల్లటి పొడి ఉంటుంది, పిండి మిల్లు దగ్గర ఉన్నట్టు.

శాసనప్రియ
చిన్నక్క గారి మాటకు కొనసాగింపు. ఆ మెత్తదనమే వోల్తెర్రా చరిత్రను నిలబెట్టింది. ఎట్రుస్కన్లు తమ వాళ్ళను దహనం చేసి, ఆ బూడిదను ఉంచే పెట్టెలను ఎక్కువగా ఈ అలబాస్టర్‌తోనే చెక్కించారు. ఊళ్ళోని గ్వర్నాచ్చి మ్యూజియంలో అలాంటి పెట్టెలు సుమారు ఆరు వందలు ఉన్నాయి. మెత్తని రాయి కాబట్టి శిల్పి ఉలి వెంట్రుకవాసి వరకు వెళ్ళింది. చీర కుచ్చిళ్ళ లాంటి వస్త్రపు మడతలు, గుర్రం జూలు, వేళ్ళ కణుపులు అన్నీ కనిపిస్తాయి.

పెట్టె ముందు భాగంలో ఎక్కువగా గ్రీకు కథలు. ఓడ స్తంభానికి కట్టించుకుని సైరన్ల పాట వింటున్న ఒడిస్సియస్, తన వేటకుక్కలకే బలైన ఆక్తియోన్. కొన్నింటి మీద చనిపోయినవాళ్ళు గుర్రం మీదో బండిలోనో పరలోకానికి బయలుదేరే దృశ్యం, ఇంటివాళ్ళు చేయి పట్టుకుని సాగనంపుతుంటారు. మూత మీద ఆ మనిషే విందులో లాగా ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంటాడు. ఆడవాళ్ళ చేతిలో అద్దమో దానిమ్మ పండో ఉంటుంది.

మీ నాన్నగారు అడిగిన "రోమ్ కంటే ముందున్నవాళ్ళు" అక్కడే ఉన్నారు, ముఖాలతో సహా.

పాతనాణెం
ఊరి అసలు పేరు వెలత్రి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో పోతపోసిన ఇక్కడి కంచు నాణేల మీద ఆ పేరు గుండ్రంగా రాసి ఉంటుంది. ఒక వైపు రెండు ముఖాల తల, దాని మీద కోసు టోపీ. రెండో వైపు కొన్నింటిపై డాల్ఫిన్, కొన్నింటిపై గద. రోమన్లు వచ్చాక పేరు వోలతెర్రై అయింది, దాని నుంచి వోల్తెర్రా. మూడు వేల ఏళ్ళన్నది కొండ మీద జనావాసానికి లెక్క. ఎట్రుస్కన్ నగరాలకు ముందటి విల్లనోవన్ కాలపు సమాధులు అక్కడ దొరికాయి. నగరంగా లెక్కిస్తే కొంత తగ్గుతుంది. కాబట్టి ఆవిడ అబద్ధం చెప్పలేదు, చూపించలేదంతే.

పీసా_నుంచి
ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు కూడలి నుంచి దక్షిణం వైపు దిగే వీధిలోకి వెళ్ళి ఉంటే, ఐదారు నిమిషాల్లో పోర్తా అల్లార్కో కనిపించేది. ఎట్రుస్కన్ గోడలోని ద్వారం. మధ్యయుగంలో కొత్త గోడ కట్టినప్పుడు దీన్ని అలాగే కలుపుకున్నారు. కమాను మీద మూడు నల్లటి రాతి తలలు ముందుకు పొడుచుకుని ఉంటాయి. ముక్కు లేదు, కళ్ళు లేవు, నోరు లేదు. గాలీ వానా తినేశాయి. అయినా అవి తలలని దూరం నుంచే తెలుస్తుంది.

1944 జూన్ చివరలో జర్మన్ సైన్యం వెనక్కి తగ్గుతూ, అమెరికన్ బండ్లు ఆ దారిన రాకుండా ద్వారాన్ని పేల్చేయాలని నిర్ణయించింది. ఊరివాళ్ళు వెళ్ళి బతిమాలారు. దారి మూసేస్తే చాలు కదా, మేమే మూసేస్తాం, పేల్చకండి అన్నారు. గడువు ఒక్క రోజు. ఆడా మగా అందరూ వచ్చి ఆ వీధిలో పరిచిన రాళ్ళను చేతులతో, గునపాలతో పెకలించి, చేతుల మీదుగా అందించుకుంటూ ద్వారాన్ని కింది నుంచి పై దాకా పూడ్చేశారు. జూన్ 30న జరిగింది ఇది. ద్వారం దక్కింది. యుద్ధం దాటాక రాళ్ళు తీసి మళ్ళీ వీధిలో పరిచారు. ఇప్పుడు మనం దిగేది ఆ వీధిలోనే. పక్కన గోడకు ఒక ఫలకం ఉంది.

చిన్నక్క
@పీసా_నుంచి ఇది చదివి వెనక్కి వెళ్ళి నా పాత ఫొటోలు చూసుకున్నాను. ఆ వీధిలో నా చెప్పుల ఫొటో కూడా ఉంది. ఆ రాళ్ళే!

ఓరుగల్లు_రాయి
మా ఖిలా వరంగల్‌లో కూడా రాతి కోట లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. కోట బతికేది లోపల పొయ్యి వెలిగితేనే. ఆ ఊరి వాళ్ళు గోడను తమ ఇంటి గోడ అనుకున్నారు కాబట్టి గునపం పట్టారు.

శాసనప్రియ
కథ నిజం, ఫలకం కూడా నిజం. కానీ ద్వారం మొత్తం ఎట్రుస్కన్ కట్టడమే అనడానికి నేను ఒప్పుకోను. రెండు పక్కల పెద్ద దిమ్మెలు క్రీ.పూ. 4-3 శతాబ్దాలవి. పైన కమాను రాళ్ళు వేరే రాయి. వాటిని తరువాత, రోమన్ల కాలంలో మళ్ళీ కట్టారని చాలామంది పండితుల అభిప్రాయం. తలలను పాత కమాను నుంచి తీసి మళ్ళీ అమర్చి ఉండవచ్చు.

పీసా_నుంచి
@శాసనప్రియ ఒప్పుకుంటాను, కానీ తలలు మొదటి నుంచీ ఉన్నాయనడానికి మీ మ్యూజియంలోనే ఆధారం ఉంది కదా. గ్రీకు కథలోని థీబ్స్ నగరపు ముట్టడి చెక్కిన పెట్టె ఒకటుంది. ముట్టడించిన వీరుల్లో ఒకడైన కపనేయుస్ నిచ్చెన వేసుకుని ఎక్కబోతాడు. శిల్పి థీబ్స్‌ను చూడలేదు. అందుకని తన ఊరి ద్వారాన్నే చెక్కేశాడు, మూడు తలలతో సహా.

శాసనప్రియ
అవును, ఆ పెట్టె సంగతి నేనే ముందు చెప్పి ఉండాల్సింది. ఆ తలలు ఎవరివన్నది మాత్రం తేలలేదు. ఊరిని కాపాడే దేవతలవి అంటారు కొందరు, ఓడిన శత్రువులవి అంటారు ఇంకొందరు. నా ఓటు దేవతలకే.

బాటసారి
మా ఊళ్ళో అయితే పొలిమేర దేవత ఒక్కతే. ఇక్కడ ముగ్గురు కాపలా ఉండి కూడా ముక్కులు కాపాడుకోలేకపోయారు పాపం.

గోదారిగట్టు
నాన్నగారికి ఇవన్నీ చదివి వినిపిస్తున్నాను. ఆయన ప్రశ్న: ఎట్రుస్కన్ లిపిని ఎవరూ చదవలేరని తాను పాఠం చెప్పారట. నిజమేనా?

శాసనప్రియ
నాన్నగారికి నమస్కారంతో చెబుతున్నాను, చదవగలం. లిపి గ్రీకు నుంచి వచ్చింది, కుడి నుంచి ఎడమకు రాస్తారు. ప్రతి అక్షరం పలకగలం. చిక్కంతా భాషతో. అది లాటిన్‌కు గానీ గ్రీకుకు గానీ బంధువు కాదు, ఇండో-యూరోపియన్ కుటుంబంలోదే కాదు. దొరికిన వేల శాసనాల్లో ఎక్కువ భాగం సమాధుల మీది చిన్న చిన్న పేర్లు. అన్నింటికంటే పొడవైన రాత ఒక నార బట్ట మీద ఉంది. ఆ బట్టను ఈజిప్టులో చింపి మమ్మీకి చుట్టారు. అది ఇప్పుడు క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో ఉంది.

అయినా కొన్ని మాటలు గట్టిగా తెలుసు. క్లన్ అంటే కొడుకు. పుయా అంటే భార్య. సెఖ్ అంటే కూతురు. వోల్తెర్రా పెట్టెల మీద తరచుగా "రిల్" అని ఉండి పక్కన అంకెలు ఉంటాయి. అది వయసు. ఇంకొకటి, ఎట్రుస్కన్ ఆడవాళ్ళకు తమ సొంత పేరు ఉండేది, సమాధి మీద ఆ పేరే రాసేవారు. అదే కాలంలో రోమన్ ఇంట్లో ఆడపిల్లను తండ్రి వంశం పేరుతోనే పిలిచేవారు.

గోదారిగట్టు
నాన్నగారు ఇప్పుడే ఫోనులో నన్ను "ఏమిరా క్లన్" అని పిలిచారు. శాసనప్రియ గారూ, ఇది మీ పుణ్యమే.

పాతనాణెం
😀 అమ్మగారిని పుయా అని పిలిచే ముందు కాస్త ఆలోచించుకోమనండి.

పెడన_రంగులు
నేను చరిత్ర చదివినవాడిని కాదు. మాది అద్దకం కుటుంబం. పటిక కోసం వెతుకుతూ వోల్తెర్రా పేరు మొదటిసారి విన్నాను. మా పనిలో బట్టకు రంగు పట్టాలంటే పటిక కావాలి. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, పటిక కలిపిన అచ్చు వేస్తే తప్ప ఎరుపు నిలవదు. 15వ శతాబ్దపు ఫ్లోరెన్స్ నేత వ్యాపారానికీ ఇదే అవసరం. పటిక లేకపోతే వాళ్ళ ఉన్ని బట్ట ఉత్త ఉన్ని బట్టే. వోల్తెర్రా ఏలుబడిలోని నేలలో పటిక గని బయటపడింది. దాన్ని తవ్వే కాంట్రాక్టు ఫ్లోరెన్స్‌ను నడిపిన మెదిచి కుటుంబంతో సంబంధం ఉన్నవాళ్ళకు వెళ్ళింది. మా నేల, మా గని అని ఊరు తిరగబడింది. 1472లో లొరెంజో దె మెదిచి పంపిన సైన్యం ఫెదెరికో దా మోంతెఫెల్ట్రో నాయకత్వంలో ముట్టడించింది. ఊరు లొంగిపోయింది. లొంగిపోయాక కూడా దోచుకున్నారు, చంపారు. ఆ తరువాత తెలిసింది గనిలో పటిక అంత గొప్పది కాదని.

పటిక బిళ్ళ చేతిలో పట్టుకున్నప్పుడల్లా ఆ ఊరు గుర్తొస్తుంది నాకు.

బాటసారి
లొరెంజోను మరీ దుర్మార్గుడిగా చూపించకండి. దోపిడీ సైనికులు అదుపు తప్పి చేసినదని కూడా చరిత్రకారులు రాశారు.

పెడన_రంగులు
@బాటసారి అదుపు తప్పినవాళ్ళను పంపింది ఎవరు? ఊరు చల్లారాక ఆయన చేసిన మొదటి పని ఊరి నెత్తిన కోట కట్టించడం. కొండ కొసన కనిపించే ఆ పెద్ద కోట అదే. దాని కోసం బిషప్ గారి ఇల్లు, చుట్టుపక్కల ఇళ్ళు పడగొట్టారు. ఊరిని కాపాడే కోట కాదు అది. ఊరి మీద నిఘా పెట్టిన కోట.

పీసా_నుంచి
ఆ కోట ఇప్పుడు జైలు. మామూలుగా లోపలికి పోనివ్వరు. కానీ 1988 నుంచి అందులో ఖైదీలతో ఒక నాటక బృందం నడుస్తోంది, ఆర్మాందో పూన్‌జో అనే దర్శకుడు మొదలుపెట్టినది. వేసవిలో ప్రదర్శనలు ఉంటాయి, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఏప్రిల్‌లో మీకు కుదరదు.

ఓరుగల్లు_రాయి
చారిత్రక కట్టడంలో జైలు ఉండటం నాకు నచ్చలేదు. ఖాళీ చేయించి మ్యూజియం చేస్తే బాగుంటుంది.

రాత్రి_డ్యూటీ
నాకు నచ్చింది. ఖాళీ కోటల్లో గబ్బిలాలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ మనుషులు నాటకం నేర్చుకుంటున్నారు.

నేను మానసిక వైద్య విభాగంలో నర్సును. ఈ థ్రెడ్‌లో రోమన్ నాటకశాల మాట ఎవరైనా ఎత్తుతారేమో అని చూస్తున్నాను. ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెబుతాను. ఊరి గోడ ఉత్తరపు అంచున నిలబడి కిందికి చూస్తే వాల్లెబోనా అనే పల్లంలో రోమన్ నాటకశాల కనిపిస్తుంది. క్రీ.పూ. 1వ శతాబ్దం చివర, కైకినా అనే కుటుంబం డబ్బుతో కట్టించింది. శతాబ్దాల పాటు ఊరివాళ్ళు గోడ మీంచి చెత్త పారబోస్తూ వచ్చారు, నాటకశాల దాని కింద పూడుకుపోయింది. 1950లలో ఎన్రికో ఫియూమి అనే స్థానిక పండితుడు అది అక్కడే ఉందని పట్టుబట్టి తవ్వించాడు. తవ్వినది ఎవరు? ఊళ్ళోని శాన్ జిరోలమో మానసిక చికిత్సాలయంలోని రోగులు.

ఆ ఆసుపత్రిలో వేల మంది ఉండేవారు. వాళ్ళ చేతులతోనే పై వరుసల మట్టి తొలగించి, మెట్లు, స్తంభాలు, వేదిక వెనుక గోడ వెలుగులోకి తెచ్చారు. మీరు ఫొటోలు తీసుకునే ప్రతి స్తంభం కింద వాళ్ళ చెమట ఉంది.

మిద్దెతోట
అది వైద్యమా, వెట్టిచాకిరీయా?

రాత్రి_డ్యూటీ
@మిద్దెతోట సూటిగా అడిగారు. నా జవాబు రెండు ముక్కలుగా ఉంటుంది. గదిలో బంధించి ఉంచే రోజుల్లో, ఎండలో నలుగురితో కలిసి పని చేయడం రోగికి మేలే చేసింది. 20వ శతాబ్దం మొదట్లో అక్కడి డైరెక్టర్ లుయీజీ స్కాబియా ఆ పద్ధతిని గట్టిగా నమ్మాడు, ఆసుపత్రిని ఒక చిన్న ఊరిలా నడిపాడు. నేను కూడా మా వార్డులో తోటపని వల్ల కోలుకున్నవాళ్ళను చూశాను.

రెండో ముక్క. వాళ్ళకు వద్దు అనే హక్కు లేదు. అదే ఆసుపత్రిలో రోగులు ఇళ్ళకు రాసుకున్న ఉత్తరాలు పోస్టు కాకుండా ఫైళ్ళలోనే ఉండిపోయాయి, తరువాత బయటపడ్డాయి. ఇంటికి ఉత్తరం రాసి, జవాబు కోసం ఎదురుచూసి, జవాబు రాక, నన్ను మరిచిపోయారు అనుకుని బతికిన మనుషులు వాళ్ళు. ఫెర్నాందో నన్నెత్తి అనే రోగి తన వెయిస్ట్‌కోటు బకిల్ మొనతో ఆసుపత్రి ఆవరణ గోడ మీద ఏళ్ళ తరబడి రాశాడు. పొడవు సుమారు 180 మీటర్లు. గ్రహాలు, యంత్రాలు, తన కుటుంబం, తాను ఊహించుకున్న మరణాలు. 1978లో ఇటలీ చట్టం మార్చి అలాంటి ఆసుపత్రులను దశలవారీగా మూసేసింది. గోడ పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోతోంది. కొంత భాగాన్ని ఊడదీసి భద్రపరిచారు.

ఎట్రుస్కన్ రాతకు మ్యూజియం ఉంది. ఈ రాతకు కూడా కావాలి. నేను వెళ్ళినప్పుడు నాటకశాల దగ్గర తవ్వినవాళ్ళ పేర్లు వెతికాను. నాకు కనిపించలేదు.

మిద్దెతోట
నేను అడిగిన తీరు కటువుగా ఉంది. మీరు ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు.

శాసనప్రియ
నన్నెత్తి గోడ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్ళు పాత శాసనాల వెంట తిరిగి దీన్ని ఎలా వదిలేశానో. ఈసారి వెళితే ముందు అక్కడికే.

కైకినాల గురించి ఒక్క మాట. వాళ్ళు రోమన్లు కాదు, కేక్నా అనే ఎట్రుస్కన్ వంశం. వోల్తెర్రా క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ అంతర్యుద్ధంలో మారియుస్ అనే సేనాని పక్షం వహించింది. అతని ప్రత్యర్థి సుల్లా సైన్యం రెండేళ్ళు ముట్టడించాల్సి వచ్చింది (సున్నపురాయి గారు చెప్పిన ఏడు కిలోమీటర్ల గోడ పనికొచ్చింది ఇక్కడే). ఓడాక పౌరహక్కులు, భూములు లాక్కోబోతే రోమన్ వక్త సిసెరో వాళ్ళ తరఫున వాదించాడు. ఆ దెబ్బ నుంచి తేరుకుని, కొత్త పాలకులతో కలిసి, ఊరికి నాటకశాల కట్టించే స్థాయికి వచ్చిన కుటుంబం అది.

బాటసారి
మ్యూజియంలో "సాయంకాలపు నీడ" అనే సన్నటి కంచు బొమ్మ తప్పక చూడండి. సాయంత్రం మన నీడ ఎంత పొడవుగా సాగుతుందో అలా ఉంటుంది. ఒక రైతు పొలంలో దొరికిన దాన్ని ఏమిటో తెలియక పొయ్యిలో నిప్పులు ఎగదోయడానికి వాడుకున్నాడట!

పాతనాణెం
@బాటసారి బొమ్మ నిజం, పొయ్యి కథ కల్పితం. 19వ శతాబ్దంలో రైతుకు దొరికిందని చెబుతారు, కానీ 1737లోనే గోరి అనే పండితుడు దాని చిత్రాన్ని అచ్చు వేశాడు. ఎత్తు 57 సెంటీమీటర్లు, క్రీ.పూ. 3వ శతాబ్దం.

బాటసారి
నేను ఆ కథను ఇరవై మందికి చెప్పాను. ఇప్పుడు ఇరవై మందికీ ఫోన్లు చేయాలి.

మిద్దెతోట
ఆ మ్యూజియం పుట్టుక కూడా చెప్పుకోవాలి. మారియో గ్వర్నాచ్చి అనే మతగురువు తన జీవితమంతా సేకరించిన వస్తువులను, గ్రంథాలయాన్ని 1761లో వోల్తెర్రా పౌరులకు రాసిచ్చాడు. రాజుకు కాదు, చర్చికి కాదు. అప్పటికి పారిస్ లూవ్ర్ మ్యూజియంగా తెరవడానికి ఇంకా ముప్పై రెండేళ్ళు ఉంది.

సున్నపురాయి
మీరందరూ వెళ్ళమంటున్నారు, నేను త్వరగా వెళ్ళమంటాను. ఆ కొండ కరిగిపోతోంది. పైన ఇసుక, సున్నపు ఇసుకరాయి పొర. దాని కింద నీలిబూడిద రంగు బంకమట్టి. వాన నీరు ఇసుకలోంచి దిగి బంకమట్టి దగ్గర ఆగుతుంది. బంకమట్టి కోసుకుపోతే పైనున్న రాయికి ఆధారం పోయి పలక పలకగా విరిగిపడుతుంది. ఊరికి పడమట బాల్జె అనే లోయలు అలా ఏర్పడినవే. ఎట్రుస్కన్ సమాధులు, గోడ ముక్కలు, పాత శాన్ జుస్తో చర్చి అన్నీ అందులో పడిపోయాయి. అంచున ఉన్న మఠాన్ని 1861లో సన్యాసులు వదిలి వెళ్ళిపోయారు. దాని గోడలు ఇప్పటికీ అంచున నిలబడి ఉన్నాయి.

2014 జనవరి 31న కుండపోత వానలకు మధ్యయుగపు గోడ సుమారు 30 మీటర్లు కూలింది. అదృష్టం, మనుషులకు ఏమీ కాలేదు. మార్చిలో మరోచోట ఇంకో ముక్క. తరువాత తిరిగి కట్టారు. కానీ పాత గోడ వెనుక నీరు నిలిస్తే ఏమవుతుందో ప్రతి ఇంజినీరుకూ తెలుసు. నీటికి దారి చూపించడమే గోడకు వైద్యం.

పీసా_నుంచి
ఆ నీటి దారి పనుల్లోనే 2015లో ఇంకో అద్భుతం బయటపడింది. దియానా ద్వారం దగ్గర వాగు బాగు చేస్తుంటే రెండు గోడల మొదళ్ళు కనిపించాయి. తవ్వితే రోమన్ గోదా (ఆంఫీథియేటర్), దీర్ఘవృత్తాకారం, సుమారు 80 మీటర్ల పొడవు. అంత పెద్ద కట్టడం గురించి ఏ పాత రాతలోనూ ప్రస్తావన లేదు. ఊరు దాన్ని పూర్తిగా మరిచిపోయింది.

గోదారిగట్టు
రెండు రోజులు ఖాయం చేశాను. పీసా నుంచి రైలులో పొంతెదేరా, అక్కడి నుంచి బస్సు అంటున్నారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి?

పీసా_నుంచి
బస్సు కొండ పైన, గోడ పక్కనే మార్తిరి కూడలి దాకా వస్తుంది. కూడలి నుంచి మ్యూజియం దాకా పెద్ద ఎత్తు లేదు. పోర్తా అల్లార్కో వైపు మాత్రం వాలు బాగా ఉంది, దిగడం తేలిక, ఎక్కడం కష్టం. దాన్ని చివర పెట్టుకుని, బయట టాక్సీ పిలిపించుకోండి. ఆదివారం బస్సులు తక్కువ.

చిన్నక్క
వెళ్ళి వచ్చాక తప్పక రాయండి.

గోదారిగట్టు
వెళ్ళి వచ్చాం. మే మొదటి వారం ఇది, నెల ఆలస్యమైనందుకు క్షమించండి.

మొదటి రోజంతా మ్యూజియంలోనే గడిచింది. నాన్నగారు నోటుపుస్తకం పట్టుకుని పెట్టె పెట్టెకూ ఆగి, రిల్ పక్కన అంకెలు రాసుకున్నారు. ముసలి దంపతులున్న మట్టి మూత దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆ ముఖాల్లో ముడతలు కూడా దాచలేదు శిల్పి. థీబ్స్ ద్వారం చెక్కిన పెట్టెను ఆయనే కనిపెట్టారు, నేను చెప్పకముందే.

రెండో రోజు రాత్రి_డ్యూటీ గారి మాట ప్రకారం నాటకశాలకు వెళ్ళాం. పైనుంచి చూసి వెళ్ళిపోదామంటే ఒప్పుకోలేదు, కిందికి దిగి మెట్టు మీద కూర్చుని, ఆ తవ్వినవాళ్ళ కథ నాతో మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నారు. చివర పోర్తా అల్లార్కో. మోకాలి నొప్పి ఉన్నా వీధి మధ్యలో ఒక చోట వంగి రాయి మీద అరచేయి ఆనించారు.

శాసనప్రియ గారికి ఒక ప్రశ్న. ఒక పెట్టె మీద "లార్థ్" అనే పేరు ఆయన తన పుస్తకంలో కుడి నుంచి ఎడమకు దించుకున్నారు. చివరి అక్షరం గుండ్రటి సున్న, మధ్యలో చుక్క. "ఇది మన థ కదరా, పొట్టలో చుక్క కూడా ఉంది" అంటున్నారు. నిజమా?

శాసనప్రియ
చూపు అద్భుతం! ఎట్రుస్కన్లు దాన్ని గ్రీకు థీటా నుంచి తీసుకున్నారు, గ్రీకులు ఫినీషియన్ల నుంచి. అశోకుడి బ్రాహ్మీలో థ కూడా సున్న మధ్యలో చుక్కే, మన థ పొట్టలోని చుక్క అక్కడి నుంచి వచ్చిందే. బ్రాహ్మీకి, ఫినీషియన్‌కు సంబంధం ఉందా అన్నది పండితుల మధ్య తెగని వాదం, కాబట్టి చుట్టరికం కలిపేయకండి. కానీ ఆ అక్షరాన్ని ఆయన పలికింది మాత్రం సరిగ్గానే. ఆ పేజీ ఫొటో పెట్టగలరా?

గోదారిగట్టు
రేపు పెడతాను. పుస్తకం ఆయన దిండు కింద ఉంది, ఇప్పుడు నిద్రపోతున్నారు.